కర్త

సూర్ పట్నం, యూనివర్సిటీ మూడో అంతస్తు,
పందొమ్మిది కుర్చీల కౌన్సిల్ గది.
ఇరవయ్యోది నాది. గోడ వారగా,
ప్లగ్ పాయింటు ఎక్కడుంటే అక్కడ.
మాట్లాడే హక్కు లేదు,
వినకుండా ఉండే హక్కూ లేదు.
మినిట్స్ రాస్తాను, తొమ్మిదేళ్లుగా.

రాజంపేటలో మా తెలుగు మేష్టారు ఓబులయ్యగారు
'చేయబడింది' అని రాస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టి
"బడింది బడింది అంటావు,
ఎవరు తోస్తే పడిందో చెప్పమ్మాయ్ ముందు" అనేవారు.
ఆయన పోయారు.
నేనిక్కడ ఆ తప్పు మీదే అన్నం తింటున్నాను.

నియమించబడింది. వాయిదా వేయబడింది.
పరిశీలన నిమిత్తం ఉపసంఘానికి పంపబడింది.
(పార్కింగులో నీడ గురించి వేసిన ఉపసంఘం
నాలుగు ఎండాకాలాలుగా ఏసీ గదిలో కూర్చునే ఉంది.)

నా ఇంగ్లీషును అరబీలోకి దించే యాకూబ్
ఓసారి టీ చల్లార్చుకుంటూ చెప్పాడు:
"మా వ్యాకరణంలో ఆ క్రియ పేరు మజ్‌హూల్.
తెలియనివాడి కోసం కట్టినది అని."
కిటికీ బయట, నీళ్లకు అవతల,
సగం లేచిన ధౌ పడవ పక్కటెముకలు.
అది ఎవరి కోసమో
కట్టేవాళ్లకు తెలుసు.

మొన్న మంగళవారం ఏడో అంశం, సముద్ర చరిత్ర శాఖ.
చదివేవాళ్లు నలుగురు, చెప్పేవాళ్లు ముగ్గురు.
మస్కట్ నుంచి వచ్చిన కన్సల్టెంటు
తెర మీద ఒక ఎర్రగీతను కిందికి జార్చాడు.
ఖర్జూరాల పళ్లెం ఒక చుట్టు తిరిగింది.
డీన్లు ఒకరినొకరు చూసుకోకుండా తలలూపారు.
శాఖాధిపతి సాలిం,
పడవల సందుల్లో నూనె, దూది కూరిన చేతులవాడి మనవడు,
"సూర్‌లో కూడానా" అన్నాడు.
అంతే అన్నాడు.

నేనప్పటికే కొట్టి పెట్టుకున్నాను:
'శాఖను మూసివేయుటకు నిర్ణయించబడింది.'

వైస్ చాన్సలర్ డాక్టర్ రయ్యా అల్ ముఖైనీ
కళ్లజోడు తీసి
నా గోడ వైపు తిరిగింది, మొట్టమొదటిసారి.
"మంజువాణీ, ఏం రాశావు?"
చదివాను.
"కొట్టెయ్. నిర్ణయించింది నేను. నా పేరు రాయి.
సాలిం అడిగినదీ రాయి.
దానికి నా దగ్గర జవాబు లేదని కూడా."

లీగల్ సలహాదారు పెన్ను మూత తీసి, పెట్టి, తీసి,
"ఇలా ఉంటే రేపు ఎవరైనా..." అన్నాడు.
"రేపు నన్నే అడుగుతారు. అందుకే."

ఆమెను పొగడ్డానికి చెప్పడం లేదిది.
శాఖ మూతపడింది.
కాదు, మూసింది.
మధ్యాహ్నం మెట్లు దిగి ఆ నలుగురి క్లాసుకు వెళ్లి
తలుపు దగ్గరికి వేసుకుంది.
లోపలి మాటలకు మినిట్స్ లేవు.
గంట తర్వాత బయటికొచ్చిన పిల్ల ఒకతె
కూలర్ దగ్గర సీసా నింపుకుంటూ
నీళ్లు పొర్లి చెప్పులు తడిసేదాకా
అలాగే పట్టుకుని నిలబడింది.

గురువారం చిత్తుప్రతి అందరికీ పంపాను.
సవరణలు పన్నెండు వచ్చాయి.
పదకొండు ఒకటే మాట:
తాము తలూపినట్టున్న చోట
తమ పేరు తీసెయ్యమని.
'సభ్యులు' అంటే చాలట.

పన్నెండోది సాలిం నుంచి.
"నా వాక్యం చివర
ప్రశ్నార్థకం మరిచారు."

నిజమే, మరిచాను.
ఎర్రసిరా పెన్ను కోసం సొరుగంతా వెతికి,
దొరక్క,
స్క్రీను మీదే పెట్టాను
?